ఒబియెరికా చెప్పిన మాట

ఒకొంక్వో ఇంటి వెనక ఎర్రమట్టి ప్రహరీలో చిన్న కంత ఒకటి ఉంది. తిండి వెతుక్కుంటూ కోళ్ళు వచ్చిపోవడానికి వదిలిన కంత. మనిషి పట్టడు. అందుకే ఒబియెరికా ఆ తెల్లదొరనీ, వెంట వచ్చిన బంట్రోతులనీ ప్రహరీ చుట్టూ తిప్పి వెనక పొదల్లోకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఒకొంక్వోని పట్టి తీసుకుపోవడానికి వచ్చాడు దొర. చెట్టుకి వేలాడుతూ కనిపించాడు ఒకొంక్వో.

చినువా అచెబె 1958లో ప్రచురించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవల ఈ చెట్టు దగ్గరే ముగుస్తుంది. కాలేజీలో పాఠ్యపుస్తకంగా చదివినప్పుడు పరీక్ష కోసం ఒకొంక్వో గుణాలూ దోషాలూ రెండు వరసల్లో రాసి బట్టీ పట్టాను. తరవాత ఎన్నోసార్లు చదివాను. వయసు మీదపడుతున్నకొద్దీ నా చూపు ఒకొంక్వో మీంచి జరిగి, ఆ చెట్టు పక్కన నిలబడ్డ స్నేహితుడి మీద ఆగుతోంది. అతను అక్కడ చెప్పింది కాస్తే. తమ ఊరు ఉమువోఫియాలో ఇతనంత గొప్పవాళ్ళు కొద్దిమందేనని, తన ప్రాణం తానే తీసుకునేదాకా ఇతన్ని తరిమింది నువ్వేనని, ఇప్పుడు ఇతనికి ఏ దిక్కూలేని జంతువుకి పట్టే గతి పడుతుందని. ఇంకా ఏదో చెప్పబోయాడు. గొంతు వణికింది, మాట పూడుకుపోయింది. నోరు ముయ్యమని ఒక బంట్రోతు అరిచాడు. అప్పటికే మూగబోయిన మనిషి మీద ఆ అరుపు దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను చదివిన నివాళుల్లో ఇంతగా నన్ను వదలనిది ఇంకోటి లేదు. ఎందుకు వదలదో ఇన్నాళ్ళకి కూడదీసుకుని రాస్తున్నాను.

ముందు ఒకొంక్వో గురించి చెప్పాలి. అతని జనం ఇగ్బోలకి వారం అంటే నాలుగు రోజులు: ఎకె, ఒరియె, అఫొ, న్క్వొ. ఒక్కో రోజు ఒక్కో సంత. న్క్వొ రోజున పుట్టిన మగబిడ్డ ఒకొంక్వో. పద్ధెనిమిదేళ్ళ వయసులో, ఏడేళ్ళుగా ఎవరి చేతా వీపు నేలకి ఆనించుకోని అమలింజె అనే మల్లుణ్ణి పడగొట్టి తొమ్మిది ఊళ్ళలో పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు కింద ఒక భయం ఉంది. తండ్రి ఉనోకా పిల్లనగ్రోవి వాయించేవాడు, కల్లు తాగేవాడు, అప్పులు చేసేవాడు, తీర్చేవాడు కాదు. ఒళ్ళంతా వాచే జబ్బు చేసింది. ఆ జబ్బు భూదేవతకి గిట్టదు కనక ఊరివాళ్ళు అతన్ని మోసుకెళ్ళి పాడు అడవిలో వదిలేశారు. వెళ్తూ పిల్లనగ్రోవి వెంట పట్టుకెళ్ళాడు. తండ్రి నుంచి ఒకొంక్వోకి గాదె రాలేదు, పొలం రాలేదు, బిరుదు రాలేదు. వచ్చిందల్లా సిగ్గు. ఒక కలిగిన రైతు దగ్గర ఎనిమిది వందల విత్తనపు పెండలం దుంపలు అప్పు తీసుకుని పాలుకి సాగు చేస్తే ఆ ఏడు మొదట ఎండ మాడ్చింది, తరవాత వాన ముంచింది. అదే ఏడు ఒక రైతు ఉరి పోసుకున్నాడు. ఒకొంక్వో నిలబడ్డాడు. ఆ ఏడు తట్టుకున్నాక ఇంక తనని ఏదీ పడగొట్టలేదనుకున్నాడు.

సున్నితంగా ఉండే ప్రతిదీ అతనికి తండ్రిలా కనిపించింది. పాట, జాలి, కన్నీళ్ళు, కథలు చెప్పే ఆడవాళ్ళ గొంతు, చివరికి సొంత పెద్దకొడుకు న్వోయే. అందుకే ఇంట్లో అందరూ అతనికి భయపడి బతికారు. దేవత కోసం ఊరంతా గొంతు తగ్గించుకుని మాట్లాడే శాంతివారంలో పెళ్ళాన్ని కొట్టాడు. కొత్త పెండలం పండగ ముందు ఇంకో పెళ్ళాం మీదికి తుపాకీ పేల్చాడు, గురి తప్పింది. ఇవి చిన్న తప్పులు కావు. అచెబె వీటిని ఎక్కడా చిన్నవి చెయ్యలేదు. నేనూ చెయ్యను.

అన్నిటికన్నా బరువైనది ఇకెమెఫునా చావు. పక్క తెగ మ్బైనో నుంచి పరిహారంగా వచ్చిన పిల్లవాడు. మూడేళ్ళు ఒకొంక్వో ఇంట్లో పెరిగాడు, అతన్ని నాన్నా అన్నాడు, న్వోయేకి అన్న అయ్యాడు. వాణ్ణి చంపమని దేవవాక్కు వచ్చినప్పుడు ఊరి పెద్ద ఎజేవుడు ప్రత్యేకం వచ్చి చెప్పాడు: వాడు నిన్ను తండ్రీ అంటున్నాడు, ఆ పనిలో నువ్వు చెయ్యి పెట్టకు. ఒకొంక్వో వెళ్ళాడు. మొదటి దెబ్బ తగిలి తన వైపే పరిగెత్తుకొచ్చిన పిల్లవాణ్ణి మచ్చుకత్తితో తానే నరికాడు. పిరికివాడంటారేమోనని. రెండు రోజులు తిండి ముట్టలేదు, కల్లుతో గడిపాడు. మూడోనాడు లేచి, వెళ్ళింది ఎవరి దగ్గరికి? ఒబియెరికా దగ్గరికి.

ఆ భాగం చదివేటప్పుడు నేను నెమ్మదిస్తాను. ఒబియెరికా ఆ రోజు అడవికి వెళ్ళలేదు. ఎందుకు రాలేదని ఒకొంక్వో నిలదీశాడు. నాకు వేరే పని ఉందని మొదట తప్పించుకున్నా, ఒకొంక్వో వదలకపోయేసరికి ఉన్నమాట చెప్పేశాడు. నువ్వు చేసింది భూదేవత మెచ్చే పని కాదు, ఇలాంటి పనికే ఆమె వంశాలకి వంశాలు తుడిచేస్తుంది అన్నాడు. నా కొడుకుని చంపాలని దేవవాక్కు వస్తే నేను కాదనను, కానీ ఆ చంపే చెయ్యి నాది కానివ్వను అన్నాడు. ఈ మాటలు ఒకొంక్వో వీపు వెనక కాదు, ఎదురుగా కూచుని చెప్పాడు. చిత్రమేమిటంటే, ఆ రోజే ఇద్దరూ మళ్ళీ కలిసి కూచున్నారు. ఒబియెరికా కూతురికి సంబంధం వచ్చింది, ఓలి తేలాలి. నోటితో అంకెలు అనుకోకుండా చీపురుపుల్లల కట్ట ఇటూ అటూ జరుపుతూ, పుల్లలు తీస్తూ కలుపుతూ ఇరవై సంచుల గవ్వలకి తేల్చుకున్నారు. హంతకుడివని తేల్చి చెప్పిన స్నేహితుణ్ణే ఒబియెరికా తన కూతురి పెళ్ళిమాటల్లో పెద్దమనిషిగా కూచోబెట్టుకున్నాడు. తప్పుని తప్పనడం, మనిషిని వదలకపోవడం, రెండూ ఒకే పూట చేశాడు. పదేళ్ళ తరవాతైనా ఇరవై ఏళ్ళ తరవాతైనా ఆ చెట్టు పక్కన నిలబడి ఇతను గొప్పవాడు అనే హక్కు అతనికి ఆ పూటే వచ్చిందని నా నమ్మకం.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్న పెద్దకర్మ రోజున భోజనాల ముందు నాలుగు మంచి మాటలు చెప్పమంటే వచ్చినవాళ్ళంతా చెప్పారు. అజాతశత్రువన్నారు, వెన్నలాంటి మనసన్నారు. వింటున్నకొద్దీ నాకు నాన్న దూరమైపోతున్నట్టు అనిపించింది. వాళ్ళు చెబుతున్న మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. ఆఖరున నాన్న చిన్ననాటి స్నేహితుడు, మేం మామా అని పిలిచే ఆయన, లేచాడు. “మీ నాన్న మొండోడురా. గట్టు తగాదాకి తోడబుట్టినోడితో పధ్నాలుగేళ్ళు మాట్లాడలేదు. తప్పురా అని వందసార్లు చెప్పాను. ఇన్లేదు. నన్ను కూడా ఆర్నెల్లు ఎలేశాడు. అలాంటోడే, మా ఇంటిదానికి నొప్పులొచ్చిన రాత్రి పీకల్లోతు వరదలో బండి తోలుకొచ్చాడు. అట్టాంటోడు నాకింక దొరకడు” అని, ఇంకేమీ చెప్పలేక కూచుండిపోయాడు. చుట్టాలు మొహాలు చూసుకున్నారు. ఆ రోజంతా కన్నీరు రాని నాకు అప్పుడు ఏడుపొచ్చింది. నాన్న తిరిగొచ్చాడు కనక.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలని మన పెద్దలు అంటారు. ఆ మర్యాద నాకు తెలుసు. కానీ మంచి ఒక్కటే చెబితే పోయినవాడి చోట ఎవరైనా పడతారు. మా మామ చెప్పిన మాటల్లో మా నాన్న తప్ప ఇంకెవరూ పట్టరు.

ఒబియెరికా దగ్గరికి వస్తాను. ఎజేవుడు అంత్యక్రియల్లో ఒకొంక్వో తుపాకీ పేలి ఆ పెద్దాయన పదహారేళ్ళ కొడుకు చనిపోయాడు. కావాలని చేసింది కాదు. అయినా సొంత తెగవాడి రక్తం కళ్ళజూస్తే భూమికి అపచారం, ఏడేళ్ళు ఊరు విడవాలి. ఒకొంక్వో ఆ రాత్రే తల్లి పుట్టిల్లు మ్బాంటాకి వెళ్ళిపోయాడు. తెల్లారగానే ఊరి మగవాళ్ళు వచ్చి అతని ఇళ్ళు తగలబెట్టారు, ఎర్రగోడలు కూలగొట్టారు, గాదెలు నాశనం చేశారు. వాళ్ళ గుండెల్లో పగ లేదు. భూమిని శుద్ధి చేస్తున్నారు, అంతే. వాళ్ళలో ఒబియెరికా ఉన్నాడు.

స్నేహితుడి ఇల్లు తగలబెట్టి వచ్చిన మనిషి తన అరుగు మీద కూచుని ఆలోచించాడు. తెలియక చేసిన పనికి ఇంత శిక్ష ఎందుకు? జవాబు దొరకలేదు. తన భార్యకి పుట్టిన కవలలు గుర్తొచ్చారు. కవలలు భూమికి దోషమని వాళ్ళని అడవిలో పారేసి వచ్చింది తనే. వాళ్ళు చేసిన పాపమేమిటి? దీనికీ జవాబు లేదు. నవల మొత్తంలో ఆచారం మీద అనుమానం పెంచుకున్నవాడు అతనే, ఆచారాన్ని తప్పకుండా పాటించినవాడూ అతనే. ఆ రెండింటి నడుమ ఎలా బతికాడో అచెబె మనకి వివరించడు. పని చూపిస్తాడు: తన దగ్గర దాచిన స్నేహితుడి పెండలం అమ్మాడు, కొన్నిటిని పాలుకి సాగుచేసేవాళ్ళకి విత్తనంగా ఇచ్చాడు, గవ్వల సంచులు ఇద్దరు కుర్రాళ్ళ నెత్తిన పెట్టించుకుని మ్బాంటాకి నడిచివెళ్ళి అప్పజెప్పాడు.

ఆ రోజు ఇద్దరి మధ్యా నడిచిన పరాచికం తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నీ రుణం ఎలా తీర్చుకోను అన్నాడు ఒకొంక్వో. నీ కొడుకుల్లో ఒకణ్ణి నా కోసం చంపు అన్నాడు ఒబియెరికా. అది సరిపోదు అన్నాడు ఒకొంక్వో. అయితే నిన్ను నువ్వు చంపుకో అన్నాడు స్నేహితుడు. ఒకొంక్వోకి నవ్వొచ్చింది. రుణం మాట ఇంకెత్తనులే అన్నాడు. దగ్గరివాళ్ళ మధ్య కృతజ్ఞత చెప్పుకుంటే తిట్టు తినాల్సిందే. మన పల్లెల్లోనూ అంతే, థాంక్స్ అంటే చెంప పగలగొడతానంటారు. ఆ మోటు ప్రేమలో అన్న మాటలు అక్షరాలా జరిగాయి. కొడుకులా పెరిగినవాణ్ణి అంతకుముందే చంపాడు. తనని తాను తరవాత చంపుకున్నాడు. చెట్టు దగ్గర ఒబియెరికా గొంతు పూడుకుపోయినప్పుడు ఆ పరాచికం అతనికి గుర్తొచ్చిందో లేదో నవల చెప్పదు. నాకు మాత్రం ప్రతిసారీ అదే వినిపిస్తుంది.

ఆ ప్రయాణంలోనే ఒబియెరికా అబామె ఊరి కథ మోసుకొచ్చాడు. ఇనుప గుర్రమెక్కి వచ్చిన తెల్లవాణ్ణి ఆ ఊరివాళ్ళు చంపారని, ఆ ఇనుప గుర్రాన్ని చెట్టుకి కట్టేశారని, కొన్నాళ్ళకి తెల్లవాళ్ళు సైనికులతో వచ్చి సంతని చుట్టుముట్టి జనాన్ని కాల్చేశారని. ఇది ఊరికే అల్లిన కథ కాదు. 1905లో ఇగ్బో దేశంలోని అహియారా దగ్గర సైకిల్ మీద వెళ్తున్న స్టీవార్ట్ అనే ఆంగ్లేయ వైద్యుడు హత్యకి గురయ్యాడు, దానికి ప్రతీకారంగా బ్రిటిష్ సైన్యం ఆ ప్రాంతం మీద పడింది. అచెబె పుట్టింది 1930లో. తలకాయలు నెరిసినవాళ్ళకి అప్పటికి అదంతా కళ్ళారా చూసిన సంగతే.

ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. అచెబె తండ్రి ఐజయా క్రైస్తవంలోకి మారి, చర్చి ఉపదేశకుడిగా ఊళ్ళు తిరిగినవాడు. అంటే రచయిత ఒకొంక్వో ఇంటివాడు కాడు, న్వోయే ఇంటివాడు. ఇకెమెఫునాని మరిచిపోలేక తండ్రిని వదిలి చర్చికి వెళ్ళిపోయిన కొడుకు న్వోయే. 1960లో వచ్చిన ‘నో లాంగర్ ఎట్ ఈజ్’ నవలలో ఆ న్వోయే ముసలివాడై, ఐజాక్ పేరుతో మళ్ళీ కనిపిస్తాడు. తండ్రి ఉరి పోసుకున్నాడని కబురొచ్చిన రోజుని తన కొడుక్కి చెబుతాడు. కత్తితో బతికినవాడు కత్తితోనే పోతాడన్నానని, అది అనాల్సిన మాట కాదు, అంత్యక్రియలకి వెళ్ళమని తన గురువైన తెల్లవాడే చెప్పినా వెళ్ళలేదని. నా అన్నలాంటి ఇకెమెఫునాని నా తండ్రే చంపాడని అప్పటికీ కుమిలిపోతాడు.

న్వోయేని నేను తప్పుపట్టను. దెబ్బలు తిన్న పిల్లవాడికి నివాళి బాధ్యత ఉండదు. ఒకొంక్వో గర్వం వల్ల నలిగినవాళ్ళలో ఒబియెరికా లేడు, అతనికి ఆ గర్వాన్ని ప్రేమించే వీలుంది. కొడుక్కి ఆ వీలు లేదు. ఒకే శవం గురించి ఇద్దరి మాటా నిజమే అని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నన్ను కదిలించేది ఇది: న్వోయే దారిలో పుట్టి పెరిగిన రచయిత, ఒబియెరికా నోట ఆ మాట చెప్పించాడు.

దొరతో ఒబియెరికా అన్నది పూర్తిగా నిజమేనా అని కూడా నన్ను నేను అడుగుతుంటాను. ఒకొంక్వోని తరిమింది నువ్వే అన్నాడు. దొర చేసింది తక్కువేం కాదు. మాట్లాడుకుందాం రమ్మని పిలిచి ఆరుగురు పెద్దలకి సంకెళ్ళు వేయించాడు. రెండు వందల సంచుల గవ్వలు జరిమానా వేశాడు. బంట్రోతులు తమ వాటా కోసం దాన్ని రెండు వందల యాభై చేశారు, పెద్దల గుండ్లు గొరిగించారు, కొట్టారు. కానీ పెద్దలు విడుదలైన మర్నాటి సభలో ఒకొంక్వో బంట్రోతుల నాయకుణ్ణి నరికినప్పుడు, మిగిలిన బంట్రోతుల్ని పారిపోనిచ్చింది ఉమువోఫియా జనమే. ఎందుకు చేశాడు ఈ పని అని గుంపులోంచి ఎవరో అడిగారు. ఆ ప్రశ్న విన్నాకే ఒకొంక్వో మచ్చుకత్తిని ఇసకలో తుడుచుకుని వెళ్ళిపోయాడు. తన తెగ తన వెంట లేదని అతనికి తెలిసిన క్షణం అది. ఆ గుంపులో ఒబియెరికా కూడా ఉన్నాడు. అంతకుముందు, ఏడేళ్ళ ప్రవాసం ముగించుకుని తిరిగొచ్చిన స్నేహితుడికి మన వాళ్ళే తెల్లవాళ్ళలో కలిశారు, ఇంక ఎలా పోరాడతాం అని విడమర్చి చెప్పింది అతనే.

అయినా చెట్టు దగ్గర అవేవీ అనలేదు. తెగలో చీలిక గురించి దొరకి చెప్పలేదు, స్నేహితుడి మొండితనం గురించి చెప్పలేదు. ఇంట్లోవాళ్ళ మధ్య అనుకునే మాట వేరు, ఇల్లు కూల్చడానికి వచ్చినవాడి ముందు అనే మాట వేరు. ఒకొంక్వో బతికుండగా అతని తప్పు అతనికే చెప్పాడు, పోయాక అతని గొప్ప పరాయివాడికి చెప్పాడు. ఎవరికి ఏది చెప్పాలో అంత దుఃఖంలోనూ అతనికి తప్పిపోలేదు.

ఆ పరాయివాడికి అది ఎక్కలేదు. దింపడానికి మీ మనుషుల్ని సాయం ఇప్పించమని ఒబియెరికా అడిగినప్పుడు, మీరే ఎందుకు దింపుకోరాదని అడిగాడు దొర. ఆత్మహత్య భూమికి అపచారం, ఆ శరీరాన్ని సొంత తెగవాళ్ళు తాకరాదు, పరాయివాళ్ళే దింపాలి, పరాయివాళ్ళే పూడ్చాలి. ఆ ఆచారం వినగానే దొర పాలకుడి వేషం దించి, వింతలు నోట్ చేసుకునే పండితుడైపోయాడు. తిరిగి వెళ్తూ తను రాయబోయే పుస్తకంలో ఈ మనిషికి ఎంత చోటివ్వచ్చో లెక్క వేసుకున్నాడు. అధ్యాయమా? అంత అక్కర్లేదు, ఒక పేరా చాలు. ఇబాదాన్ కాలేజీలో ఆఫ్రికా గురించి తెల్లవాళ్ళు రాసిన నవలలు పాఠాలుగా చదివి, వాటిలో కనిపించిన తన జనాన్ని గుర్తుపట్టలేక కలం పట్టిన అచెబె, ఆ పేరాకి జవాబుగా 25 అధ్యాయాలు రాశాడు. ఆ అధ్యాయాలన్నీ కలిపి ఒబియెరికా పూర్తి చెయ్యలేకపోయిన మాటే అని నాకనిపిస్తుంది.

తండ్రిలా కాకూడదని బతుకంతా పరిగెత్తినవాడికి తండ్రి చావే వచ్చింది. ఉనోకాకీ ఒకొంక్వోకీ, ఇద్దరికీ సొంతవాళ్ళ చేతి మట్టి దక్కలేదు. తండ్రి కనీసం పిల్లనగ్రోవి పట్టుకెళ్ళాడు.

అచెబెకీ ఒక ఒకొంక్వో లాంటి స్నేహితుడు ఉన్నాడని కాదు కానీ, పోగొట్టుకున్న స్నేహితుడు ఉన్నాడు. కవి క్రిస్టఫర్ ఒకిగ్బో. ఉముయాహియా బళ్ళో మొదలైన స్నేహం. బయాఫ్రా యుద్ధం మొదట్లో ఇద్దరూ కలిసి ఎనుగులో ప్రచురణ సంస్థ పెట్టారు. ఒకిగ్బో చెప్పకుండా సైన్యంలో చేరి 1967లో న్సుక్కా దగ్గర పోరులో చనిపోయాడు. జీవితమంతా ఇంగ్లీషులో రాసిన అచెబె అతని కోసం ఇగ్బోలో ఒక పాట కట్టాడు. అది వాళ్ళ పాత ఆచారంలోంచి వచ్చిన పాట. ఈడువాడు పోతే, అతని ఈడువాళ్ళంతా గుంపుగా బయల్దేరి, అతనేదో కట్టెలకో నీళ్ళకో వెళ్ళి ఆలస్యం చేసినట్టు పేరుపెట్టి పిలుస్తూ వీధులన్నీ వెతుకుతారు. వెళ్ళినచోటు నుంచి వచ్చెయ్యమంటారు. రాడని అందరికీ తెలుసు, అయినా పిలుస్తారు.

ఒకొంక్వో కోసం అలా పిలుస్తూ తిరగడానికి ఉమువోఫియాలో ఎవరికీ వీల్లేదు. అతని పేరు ఎత్తి గట్టిగా మాట్లాడే చోటు ఒక్కటే మిగిలింది, ఆ పొదల్లో, ఆ చెట్టు పక్కన, భాష తెలియని దొర ఎదుట. ఒబియెరికా అక్కడే మొదలుపెట్టాడు.